వ్యాన్ వెనక లైటు: నాలుగో ప్రయత్నంలో దొంగ దొరికింది

వ్యాన్ వెనక లైటును మసకబారుస్తున్నదేదో దొరికింది! ఎల్‌ఈడీ స్ట్రిప్పూ కాదు, బ్యాటరీ కాదు, స్విచ్చూ కాదు. రూఫ్ ప్యానెల్ వెనక ఎవరికీ కనపడకుండా దాక్కున్న, రెండు వైర్లను కలిపే నీలిరంగు స్లీవ్ ఒకటి. ముట్టుకుంటే వేలు చురుక్కుమంది.

ముందు క్యాబిన్ రీడింగ్ లైటు, వంట అరుగు మీది లైటు సరిగ్గానే ఉన్నాయి, వాటి జోలికి వెళ్లడం లేదు. గొడవంతా టెంపో ట్రావెలర్ వెనక, మంచం మీద ఉన్న రెండున్నర మీటర్ల స్ట్రిప్పుతోనే. 2835 సైజు ఎల్‌ఈడీ చిప్పులు, మీటరుకు 120, మీటరుకు 9.6 వాట్లు. మొత్తం 24 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు. స్విచ్ వెయ్యగానే ఫరవాలేదనిపిస్తుంది. ఇరవై నిమిషాలకు సగానికి సగం మసకబారుతుంది. వెనక తలుపు దబేలుమని వేస్తే తేరుకుంటుంది, పావుగంటకు మళ్లీ మామూలే.

మొదటి అనుమానం బ్యాటరీ మీద. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్. లైటు మసకగా ఉన్నప్పుడు కూడా టెర్మినళ్ల దగ్గర 13.28 వోల్టులు చూపించింది. మిగతా లైట్లు కొంచెం కూడా తగ్గలేదు. కాబట్టి తప్పు బ్యాటరీది కాదు.

రెండోసారి స్ట్రిప్పు మార్చాను. కొత్త స్ట్రిప్పుకూ అదే జబ్బు. డబ్బు దండగ, కానీ ఇక్కడో పాఠం ఉంది. పాతది పీకేసి ఆ రెండు వైర్ల మధ్య మల్టీమీటరు పెడితే 13.2 వోల్టులు వచ్చింది. “లైనులో తేడా లేదు, స్ట్రిప్పే పోయింది” అనుకోవడానికి కారణం అదే. మల్టీమీటరు లోపలి నిరోధం 10 మెగా ఓములు ఉంటుంది. అది లాగే కరెంటు ఒక మైక్రో ఆంపియరుకు కాస్త ఎక్కువ. దారిలో రెండు ఓముల చెడ్డ జాయింటు ఉన్నా ఆ కాస్త కరెంటుకు వోల్టేజీ పడదు. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు నిండు 13 చూపిస్తుంది. ఆటోనగర్ ఎలక్ట్రీషియన్లు మీటరు పక్కన పెట్టి, రెండు వైర్లు అతికించిన పాత బ్రేక్ లైటు బల్బు పట్టుకుని తిరుగుతారే, అది తెలివైన పని. 21 వాట్ల బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది, లైనులో బలం లేకపోతే అక్కడికక్కడే గుడ్డిగా వెలుగుతుంది. ఈ పనికి వేలు పోసి ఫ్లూక్ కంపెనీ మీటరు కొనక్కర్లేదు. మాస్‌టెక్ లాంటి చవక మీటరు, ఒక 21 వాట్ల బల్బు ఉంటే చాలు.

మూడోసారి బాడీ ఎర్త్, అంటే మైనస్ వైరును బండి రేకుకు కలిపిన చోటు. వెనక చక్రం పైన బోల్టు విప్పితే లగ్గు (వైరు చివరి రింగు) కింద పెయింటు అలాగే ఉంది. పైగా సూర్యలంక బీచ్ దగ్గర రెండు రాత్రులు ఆపిన బండి, ఉప్పుగాలి తగిలి బోల్టు చుట్టూ తుప్పు పొడి. గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన వ్యాజిలిన్ పూశాను. ఇక్కడ 0.4 వోల్టులు కలిసొచ్చాయి. లైటు కాస్త మెరుగైంది, కానీ ఇరవై నిమిషాల జబ్బు అలాగే ఉంది. ఇదే ఎక్కువ విసిగించింది. ఒక తప్పు దొరికితే వెతకడం అక్కడితో ఆపేస్తాం కదా.

ఇప్పుడు నాలుగోది. స్ట్రిప్పు తగిలించి, వెలుగుతుండగానే ముక్క ముక్కకూ ఎంత వోల్టేజీ పడిపోతోందో కొలిచాను. మీటరు ప్రోబుకు ఆరు మీటర్ల వైరు కలిపితే బ్యాటరీ నుంచి వెనక దాకా అందుతుంది. ఆ వైరు సన్నదైనా ఫరవాలేదు, మీటరు కరెంటు లాగదు కాబట్టి.

స్విచ్ వేసిన కొత్తలో స్ట్రిప్పు దగ్గర 12.05 వోల్టులు, 2 ఆంపియర్లు. ఇరవై రెండు నిమిషాలకు 10.6 వోల్టులు, 1.1 ఆంపియర్లు. ఆ మసక స్థితిలో లెక్క ఇదీ: బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు బాక్సు దాకా 0.03, అక్కణ్నుంచి స్విచ్ దాకా 0.05, స్విచ్‌లో 0.04, స్విచ్ నుంచి స్ట్రిప్పు ప్లస్ దాకా 0.16. స్ట్రిప్పు మైనస్ నుంచి ఎర్త్ బోల్టు దాకా ఏకంగా 2.31! బోల్టు నుంచి బ్యాటరీ మైనస్ దాకా 0.09. అంతా కలిపితే 2.68, బ్యాటరీ 13.28కి సరిగ్గా సరిపోయింది.

ఒకటిన్నర వోల్టు తగ్గితే వెలుగు సగమవుతుందా అని అనిపిస్తుంది. అవుతుంది. స్ట్రిప్పులో మూడేసి చిప్పులు, ఒక రెసిస్టరు వరసగా ఉంటాయి. మూడు చిప్పులే దాదాపు 9 వోల్టులు పట్టేసుకుంటాయి. కరెంటును నిర్ణయించేది రెసిస్టరు మీద మిగిలే ముక్క. 12 దగ్గర అది మూడు వోల్టులు, 10.6 దగ్గర 1.6. అందుకే పాత ఫిలమెంటు బల్బు ఓర్చుకునే నష్టాన్ని ఎల్‌ఈడీ ఓర్చుకోలేదు.

స్ట్రిప్పుకూ బోల్టుకూ మధ్య వైరు రెండు మీటర్లే. అందులో 2.3 వోల్టులు పోవాలంటే దారిలో ఏదో ఉండాలి. రూఫ్ ప్యానెల్ మూడు స్క్రూలు విప్పితే బయటపడింది: వైరు చాలక వేసిన జాయింటు. దాని మీద మాత్రమే 2.25 వోల్టులు. 1.1 ఆంపియర్లతో గుణిస్తే రెండున్నర వాట్లు, చింతగింజంత గొట్టంలో! చల్లగా ఉన్నప్పుడు 0.22 ఓములున్న జాయింటు వేడెక్కాక 2 ఓములు దాటింది. నిజమేనా అని చల్లారనిచ్చి, హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఊదాను. రెండు నిమిషాల్లో లైటు మసక. రూఫ్ రేకు లోపలి వైపు మధ్యాహ్నం 58 డిగ్రీలు చూపించింది. విజయవాడ మే నెలలో ఈ జబ్బు ఇంకా తొందరగా ముదురుతుంది.

కోసి చూస్తే రెండు తప్పులు. ఒకటి, వైరు 1 స్క్వేర్ ఎంఎం, స్లీవ్ మాత్రం నీలం. నీలం 1.5 నుంచి 2.5 వరకు, ఈ వైరుకు ఎరుపు వెయ్యాలి. పైగా స్లీవ్ నొక్కే క్రింపింగ్ టూలుతో కాక కటింగ్ ప్లేయరుతో నొక్కిన గుర్తులున్నాయి. రెండోది అసలు రోగం: బ్లేడుతో పోగు గీకితే లోపల తెల్లగా ఉంది. రాగి పూత పూసిన అల్యూమినియం. రాగి కన్నా ఒకటిన్నర రెట్లు నిరోధం సరే, అది పెద్ద సమస్య కాదు. నొక్కిన చోట అల్యూమినియం మెల్లగా సాగి పట్టు వదులుతుంది, బయటపడ్డ చోట గాలికి ఆక్సైడు పొర కడుతుంది, ఆ పొర కరెంటు పోనివ్వదు. వేడెక్కగానే జబ్బు ఎందుకు ముదురుతోందంటే నా అంచనా, పీవీసీ స్లీవ్ మెత్తబడి వైరు బరువుకు గొట్టం ఓ పక్కకు ఒరుగుతోంది. తలుపు కొడితే పోగులు కదిలి కొత్తచోట తగులుతున్నాయి.

వైరు కొనేముందు ఒక పోగును లైటరు మంటలో పెట్టండి. రాగి ఎర్రబడుతుంది, అల్యూమినియం కరిగి ఉండకడుతుంది. మామూలు టిన్ సోల్డరు కూడా అల్యూమినియానికి సరిగ్గా అంటదు. రాగి వైరుకైనా కదిలే బండిలో సోల్డరింగ్ నాకు ఇష్టం లేదు. సోల్డరు పాకి ఆగిన చోట వైరు గట్టిపడి, అదురుకు అక్కడే తెగుతుంది.

ఈసారి ఫినోలెక్స్ ఆటో వైరు, 1.5 స్క్వేర్ ఎంఎం, ప్లస్ మైనస్ రెండూ అయిదేసి మీటర్లు, మధ్యలో ఒక్క జాయింటు లేకుండా. మైనస్‌ను బాడీకి కాక నేరుగా బ్యాటరీ పక్కనున్న బస్ బారుకు (వైర్లన్నీ కలిసే లోహపు పట్టీకి) తెచ్చాను. ఫ్యూజు 5 ఆంపియర్లు. స్ట్రిప్పు చివర వాగో 221, అంటే మీట నొక్కి వైరు బిగించే కనెక్టరు. చెయ్యి అందే చోట అది భేషుగ్గా ఉంటుంది, ప్యానెల్ వెనక దాచే చోట మాత్రం క్రింపే నయం. గంట సేపు వెలిగించాక స్ట్రిప్పు దగ్గర 12.7 వోల్టులు, 2.4 ఆంపియర్లు, ఒక్క పాయింటు కదలలేదు.

ఇప్పుడు కొత్త తలనొప్పి. 24 వాట్ల స్ట్రిప్పు 30 వాట్లు లాగుతోంది. ఇన్నాళ్లూ చెడ్డ జాయింటే దాన్ని కాపాడిందన్నమాట! ఆల్టర్నేటరు ఛార్జింగులో 14.4 వచ్చినప్పుడు ఇంకా పెరుగుతుంది, చిప్పులు తొందరగా పసుపెక్కుతాయి. అందుకని 12 వోల్టులకు నిలబెట్టే బక్-బూస్ట్ రెగ్యులేటరు, కనీసం 5 ఆంపియర్లది, పెట్టాలి. వేడి పోవడానికి స్ట్రిప్పును అల్యూమినియం ఛానెల్లో అతికించాలి. డిమ్మరు ఆ తర్వాత.

కానీ వాటికన్నా ముందు రూఫ్ ఫ్యాన్ చూడాలి. దాని లైను కూడా ఆ పాత అల్యూమినియం రోలు వైరే, లాగేది 3 ఆంపియర్లు. వచ్చే ఆదివారం ప్యానెల్ మొత్తం దించుతున్నాను, ఎరుపు స్లీవులు యాభై తెచ్చిపెట్టుకున్నాను.