ప్లేటు మీద పోయిన విబ్రియో గుంటలో ఎందుకు పోలేదు

నెల్లూరుకి తూర్పున, ఇందుకూరుపేట వైపు ఒక చిన్న ఆక్వా ల్యాబ్‌లో పని చేస్తాను నేను. పొద్దున ఆరున్నరకల్లా రైతులు నీళ్ల సీసాలు, కవర్లలో రొయ్యలు పట్టుకొని వచ్చేస్తారు. సెలినిటీ, పీహెచ్, అమ్మోనియా చూస్తాం, రొయ్యలకి జబ్బు తెచ్చే విబ్రియో అనే బ్యాక్టీరియా ఎంతుందో చూడడానికి ప్లేట్లు వేస్తాం. ప్లేట్లో టీసీబీఎస్ అగార్ అని విబ్రియోని పెంచే జెల్లీ ఉంటుంది, దాని మీద చుక్క గుంట నీళ్లు పరిచి పెడితే మర్నాటికి పసుపు చుక్కలు, పచ్చ చుక్కలు లేస్తాయి. పసుపు వస్తే రైతు కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. పచ్చ ఎక్కువైతే మాత్రం మొహం మాడిపోతుంది, ఎందుకంటే రొయ్యని దెబ్బ కొట్టే పారాహీమోలిటికస్ లాంటివి ఆ పచ్చ చుక్కల్లోనే ఉంటాయి. పసుపు చుక్కలన్నీ మంచివని కాదు, ఆ సంగతి వాళ్లకి రోజూ చెప్తూనే ఉంటాను.

పోయిన నెలలో ఒకాయన నీళ్ల సీసాతో పాటు ఒక మందు సీసా కూడా తెచ్చాడు. మూత తీయగానే గది గదంతా లవంగాల వాసన.

“పాపా, ఇది యాంటీబయాటిక్ కాదంట, అంతా మొక్కల నూనెలేనంట. ఎకరాకి లీటరు కొడితే విబ్రియో ఉండదంటున్నారు. నువ్వొకసారి చూసి చెప్పు.”

ఆయన ఎందుకు అంత ఆశగా అడిగాడో మా వైపు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్స్ రొయ్యల సాగులో నిషేధం. ఎగుమతి అయిన సరుకులో వాటి ఆనవాలు దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది, ఆ దెబ్బ చివరికి గుంట గట్టు మీదున్న రైతు రేటు మీదే పడుతుంది. అసలు నష్టం అంతకంటే పెద్దది. మందులు వాడీ వాడీ, ఆ మందులకి లొంగని క్రిములని మన చేత్తో మనమే పెంచుతున్నాం. అందుకే మొక్కల నూనెతో పని జరుగుతుందంటే ఆయన కంటే ముందు నేనే సంతోషపడతాను.

సాయంత్రం అందరూ వెళ్లాక పరీక్ష పెట్టాను. ఆయన తెచ్చిన మందొక్కటే కాదు, బజార్లో దొరికే లవంగ నూనె, వాము నూనె, నిమ్మగడ్డి నూనె, నీలగిరి తైలం, పొదలకూరు వైపు నిమ్మతోట ఉన్న మా పిన్ని వాళ్లింటి నుంచి తెచ్చుకున్న నిమ్మతొక్క నూనె, అన్నీ. ఉప్పు కలిపిన అగార్ మీద విబ్రియోని పలచగా పూసి, వడపోత కాగితం బిళ్లలు పెట్టి, ఒక్కో బిళ్ల మీద ఒక్కో నూనె చుక్క వేసి మూత పెట్టేశాను.

మర్నాడు చూస్తే వాము బిళ్ల చుట్టూ, లవంగం బిళ్ల చుట్టూ పెద్ద పెద్ద ఖాళీ వలయాలు, అక్కడ ఒక్క క్రిమి లేదు. నిమ్మగడ్డి కూడా బాగానే పని చేసింది. నీలగిరి చుట్టూ సన్నటి గీత లాంటి ఖాళీ, నిమ్మతొక్క దగ్గర దాదాపు ఏమీ లేదు. ఆయన మందుకి లవంగం లాగే వచ్చింది. ఫోన్ చేసి వలయం వచ్చిందని చెప్పాను. ఆయన ఆ సాయంత్రమే గుంటలో కొట్టేశాడు. నాలుగు రోజుల తర్వాత నీళ్లు తెస్తే పచ్చ చుక్కలు తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగాయి. “నువ్వు బాగుందన్నావు కదా పాపా” అన్నాడు, కోపంగా కూడా కాదు. ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు.

అప్పుడు కూర్చొని లెక్క వేశాను. ఎకరం గుంటలో నాలుగు అడుగుల నీళ్లుంటే దగ్గర దగ్గర 50 లక్షల లీటర్లు. అందులో ఒక లీటరు నూనె పోస్తే పది లక్షల పాళ్లకి 0.2 పాలు, అంటే మా భాషలో 0.2 పీపీఎం. వాములో ఉండే థైమాల్ లాంటి గట్టి పదార్థం కూడా చాలా రకాల బ్యాక్టీరియాని ఆపడానికి సుమారు 200 పీపీఎం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి. ఆ లెక్కకి రావాలంటే గుంటకి ఒక లీటరు చాలదు, వెయ్యి లీటర్లు పోయాలి. పోస్తే విబ్రియో సంగతి తర్వాత, ముందు రొయ్యే బతకదు. పైగా ఇవి ఇట్టే ఆవిరైపోయే నూనెలు. రాత్రంతా గాలి ఎక్కించే ఎయిరేటర్లు నీళ్లని ఎగజిమ్ముతుంటే, పగలు మన ఎండ కాస్తుంటే, ఆ 0.2 కూడా ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి. మరి ప్లేటు మీద వలయం ఎందుకొచ్చిందంటే, బిళ్ల మీద నేను వేసింది అచ్చమైన నూనె, నీళ్లలో కలిపింది కాదు. వలయం అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని చూసి గుంట గురించి మాట్లాడాను, అది నా తప్పు, ఆయనతో అదే చెప్పాను.

ఈ నూనెలు క్రిమిని ఎలా చంపుతాయో కొంచెం చెప్పాలి, అది తెలిస్తే ఎక్కడ వాడాలో మనకే అర్థమవుతుంది. బ్యాక్టీరియా చుట్టూ కొవ్వుతో అల్లిన ఒక పలచటి పొర ఉంటుంది. లోపలి పొటాషియం లోపలే ఉండాలన్నా, బయటి చెత్త బయటే ఉండాలన్నా ఆ పొర బిగువుగా ఉండాలి. ఈ నూనెలకి నీళ్లంటే పడదు, కొవ్వు కనబడితే అందులోకి దూరిపోతాయి. దూరాక ఆ పొర వదులైపోయి కారడం మొదలవుతుంది, పొటాషియం బయటికి పోతుంది, క్రిమి దాచుకున్న శక్తి కూడా పోతుంది. వాములో థైమాల్, లవంగంలో యూజినాల్, ఇవి ఫినాల్ జాతివి కాబట్టి ఈ పనిలో గట్టివి. దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్, నిమ్మగడ్డిలోని సిట్రాల్ వాటికి దగ్గరగా వస్తాయి. నిమ్మతొక్కలో ఎక్కువగా ఉండేది లిమోనీన్, వాసన బ్రహ్మాండంగా ఉంటుంది కానీ క్రిముల మీద బలం తక్కువ. ఘాటైన వాసన వచ్చిందల్లా గట్టి మందు అనుకుంటాం కదా, అది నిజం కాదు, నా ప్లేట్ల మీద కళ్లారా చూశాను. క్రిముల్లోనూ తేడాలున్నాయి. కొన్నింటికి ఆ పొర పైన ఇంకో పొర ఉంటుంది. సూడోమోనాస్ లాంటివైతే లోపలికొచ్చిన దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడిపోస్తూ ఉంటాయి, వాటి మీద ఈ నూనెలు పెద్దగా పని చేయవు.

కొవ్వంటే ఈ నూనెలకి అంత ఇష్టం అన్నాను కదా, దానివల్ల ఇంకో చిక్కుంది. పాలల్లోనో కూరల్లోనో కలిపితే నూనె క్రిమిని పట్టుకునే ముందు అక్కడున్న కొవ్వునే పట్టుకుంటుంది. అందుకే ఉత్త నీళ్లలో పని చేసిన మోతాదు తిండిలో చాలదు.

అంటే ఈ నూనెలు దండగా? కాదు. ఆ మాట అనేవాళ్ల మీద కూడా నాకు కోపమే.

మా అవ్వ దగ్గర ఒక చిన్న గాజు సీసా ఉండేది. పచారీ కొట్లో వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం సమానంగా తెచ్చి అందులో వేసి మూత పెట్టేది. మూడూ గట్టి పలుకులే, చుక్క నీళ్లు కలపకుండానే కాసేపటికి కరిగి నూనె అయిపోయేవి. చిన్నప్పుడు అది ఏదో మాయ అనుకునేదాన్ని. మూడు పదార్థాలూ కలిస్తే కరిగే వేడి బాగా తగ్గిపోతుంది, అందుకే మామూలు గది వేడికే నీరవుతాయి. దాన్నే అమృతధార అంటారు. ఆ వాము పువ్వే థైమాల్. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశం వాము జర్మనీకి పోయేది, దాని నుంచి థైమాల్ అక్కడ తీసేవాళ్లు. 1879లో అమెరికాలో తయారైన లిస్టరిన్‌ అనే నోరు పుక్కిలించే మందులోనూ థైమాల్, నీలగిరి నుంచి వచ్చే యూకలిప్టాల్, పుదీనా పువ్వనే మెంథాల్ ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్‌లో 1920లో పుట్టిన జిందా తిలిస్మాత్ సీసా మన ఇళ్లలో ఎన్ని తరాలుగా ఉందో, దానిలో కూడా ముఖ్యమైనది నీలగిరి తైలమే. ఇక పంటి డాక్టర్ గదిలోకి అడుగు పెట్టగానే వచ్చే వాసన గుర్తుందా, అది యూజినాల్. జింక్ ఆక్సైడ్‌తో కలిపి ముద్ద చేసి తాత్కాలికంగా పంటి గుంత పూడుస్తారు. నొప్పి తగ్గిస్తుంది, క్రిముల్ని ఆపుతుంది. అలాగని ఇంట్లో లవంగ నూనె దూది పెట్టుకొని పుచ్చిన పన్ను బాగైపోయిందనుకోకండి, తిమ్మిరెక్కి నొప్పి తెలియదు గానీ లోపల పుచ్చు సాగుతూనే ఉంటుంది.

వీటన్నిట్లో ఒక పోలిక కనిపిస్తుంది నాకు. నోరు చిన్నది, పంటి గుంత ఇంకా చిన్నది, నూనె కలిపిన నీళ్లతో ఇల్లు తుడిస్తే నేల మీద ఉండేది పలచటి పొరే. అక్కడ నూనె క్రిమికి నేరుగా తగులుతుంది, చాలినంత చిక్కగా తగులుతుంది. గుంటలోనో, ఒంట్లో రక్తంలోనో అలా కుదరదు. మింగిన నూనె జ్వరం తెప్పించిన క్రిమి దాకా ఆ చిక్కదనంతో చేరదు, చేరేంత తాగితే ముందు మనిషికే విషం. టీ ట్రీ నూనె అని ఇప్పుడు అందరూ కొంటున్నారు, ఆస్ట్రేలియా చెట్టు నుంచి వచ్చేది, చర్మం మీద బాగానే పని చేస్తుంది కానీ మింగకూడదు. నీలగిరి తైలం, కర్పూరం పిల్లల చేతికి అందితే ఎంత ప్రమాదమో చాలామందికి తెలియదు. కొద్దిగా కర్పూరం మింగినా చిన్నపిల్లలకి ఫిట్స్ వస్తాయి. జలుబు చేసిందని పసిపిల్లల ముక్కు దగ్గర మెంథాల్ రాస్తే ఊపిరి బిగుసుకుపోవచ్చు. మా అవ్వ సీసా ఎప్పుడూ అటక మీదే ఉండేది, ఆమె ఏ పుస్తకం చదవలేదు.

చర్మం మీద కూడా అచ్చంగా పోయకూడదు. ఈ మాట మా ఇంట్లోనే కష్టపడి నేర్చుకున్నాం. రెండేళ్ల కింద మా నాయన గుంటలోంచి ఎయిరేటర్ బయటికి తీస్తుంటే రేకు గీసుకొని మడమ దగ్గర తెగింది. ఆయనకి షుగర్. నేను రోజూ లవంగ నూనె గొప్ప చెప్తుంటే విని, రెండు రోజులు అదే నూనె అచ్చంగా పోసుకున్నాడు, నాకు చెప్పలేదు. పైన చర్మం కాలి బొబ్బలెక్కింది, దాని కింద వాపు ఎర్రగా పిక్క దాకా పాకింది, మూడో రోజు రాత్రి చలి జ్వరం. నెల్లూరులో ఆసుపత్రికి తీసుకెళ్తే సెల్యులైటిస్, అంటే చర్మం కింద ఇన్ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడ్డాయి, ఆరు రోజులు ఉండాల్సి వచ్చింది. ఉప్పునీటి గుంటల్లో పని చేసేవాళ్లకి షుగర్ గానీ లివర్ జబ్బు గానీ ఉంటే చిన్న గాయం కూడా నిర్లక్ష్యం చేయకూడదు, విబ్రియోలోనే వల్నిఫికస్ అని ఒకటుంది, అది గాయంలోకి దిగితే గంటల్లో ముదురుతుంది. శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో కడగండి, వాపు పాకుతుంటే తెల్లారేదాకా ఆగకండి. ఆ ఆరు రోజులూ యాంటీబయాటిక్ విలువ ఏంటో నాకు బాగా తెలిసొచ్చింది. గుంటల్లో దాన్ని దుబారా చేయొద్దని నేను గట్టిగా చెప్పేది కూడా అందుకే, అది మా నాయన కాలికి పని చేయాలి.

నిమ్మ గురించి ఒక్క మాట, పొదలకూరు, రాపూరు వైపు వాళ్లకి పనికొస్తుంది. కాయలు పిండినప్పుడు తొక్క నూనె చేతికి అంటుకుంటే, కడుక్కోకుండా ఎండలోకి వెళ్లకండి. ఆ నూనెలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి, బొబ్బలొస్తాయి, తర్వాత నల్ల మచ్చలు నెలల తరబడి పోవు. మా పిన్ని ముంజేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి.

మళ్లీ ఆ రైతు దగ్గరికి వస్తాను. గుంట నీళ్లలో కాకపోతే ఇంకెక్కడ అని ఆలోచిస్తే మిగిలింది రొయ్య పేగు. అది చిన్న చోటు, మేతతో పాటు నూనె నేరుగా అక్కడికే వెళ్తుంది. ఐరోపాలో 2006 జనవరి నుంచి పశువుల మేతలో ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ కలపడం ఆపేశాక, కోళ్లకీ పందులకీ థైమాల్, దానికి దగ్గరి చుట్టమైన కార్వక్రాల్ మేతలో కలిపి ఇవ్వడం బాగా పెరిగింది. ఆవిరై పోకుండా వాటిని కొవ్వు పూతలో చుట్టి కలుపుతారు. మన రొయ్యల మేతలోనూ ఆ దారి పట్టుకోవచ్చని నా నమ్మకం, కానీ ఈసారి వలయం చూసి ఫోన్ చేయను.

మొన్న ఆయన వస్తే ఇదే చెప్పాను. ఉన్న గుంటల్లో ఒకటి మామూలు మేతతో, ఇంకొకటి నూనె కలిపిన మేతతో పెడదాం, రెండు గుంటల నుంచీ పది పది రొయ్యలు తీసుకురండి, మొదలుపెట్టే ముందు ఒకసారి, పది రోజుల తర్వాత ఒకసారి, పేగు, లివర్ రెండిటికీ ప్లేట్లు వేస్తాను, ఫీజు వద్దు అన్నాను. రొయ్యలు తింటున్నాయో లేదో చూడడానికి గుంటలో దించే చెక్ ట్రేలో మేత మిగులుతుందేమో రోజూ రాసి పెట్టమన్నాను, ఎందుకంటే ఘాటు ఎక్కువైతే రొయ్య తినదు.

“నీళ్లలో కొట్టేది ఆపేయనా మరి?”

“ఆపేయండన్నా.”

గురువారం పొద్దున మొదటి రొయ్యలు తెస్తానన్నాడు. అగార్ కలిపి పెట్టాను.