క్లెప్ ఇంగ్లిష్ లిటరేచర్ పరీక్ష: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం క్లెప్ ఇంగ్లిష్ లిటరేచర్ పరీక్ష రాసి వచ్చాను. క్లెప్ అంటే అమెరికాలో క్లాసుకి వెళ్లకుండానే, డిగ్రీకి లెక్కలోకొచ్చే క్రెడిట్లు తెచ్చిపెట్టే పరీక్ష. 61 వచ్చింది. మా కాలేజీకి 50 వస్తే చాలు, మూడు క్రెడిట్లు ఇచ్చేస్తారు. ఆ సంతోషంలో రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు. మన వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని అంతా గుర్తుండగానే రాస్తున్నాను.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. బీఎస్సీ రెండో ఏడాదిలో పెళ్లయింది, చదువు అక్కడితో ఆగిపోయింది. పదిహేనేళ్లుగా టెక్సస్‌లో, డాలస్ పక్కన ఉంటున్నాం. మా అమ్మాయి హైస్కూల్‌కి వచ్చాక ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో చేరాను. నేను చదవాలనుకున్నది అకౌంటింగ్. కానీ అమెరికాలో ఏ డిగ్రీ చేసినా కొన్ని సబ్జెక్టులు అందరికీ తప్పవు. నా డిగ్రీ ప్లాన్‌లో అలా వచ్చి కూర్చున్నది సాహిత్యం. సెమిస్టరంతా క్లాసుకి వెళ్లి ఆ మూడు క్రెడిట్లు తెచ్చుకోవచ్చు, లేదంటే క్లెప్ ఒక్క పరీక్ష రాసి తెచ్చుకోవచ్చు. ఎస్ఏటీ పెట్టే కాలేజ్ బోర్డు వాళ్లే ఇదీ పెడతారు. స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది. తప్పు రాస్తే మార్కులు కొట్టెయ్యరు. పోతే మాత్రం అదే పరీక్ష మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి.

రిజిస్ట్రేషన్ పది నిమిషాల పని. మోడర్న్ స్టేట్స్ అని ఒక సంస్థ ఉంది, ఆన్‌లైన్‌లో వాళ్ల కోర్సు ఉచితం, పూర్తి చేస్తే పరీక్ష ఫీజుకి వోచర్ ఇస్తారు. నేను అలాగే రాశాను. టెస్ట్ సెంటర్ వాళ్ల చార్జి వేరే ఉంటుంది, అది ముందే కనుక్కోండి. టికెట్ మీద పేరు, ఐడీ మీద పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేర్లతో వచ్చే తంటా తెలిసిందే కదా, అందుకే పరీక్షకి నెల ముందే సరిచూసుకున్నాను.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెబుతాను. సాహిత్యం మీద క్లెప్‌లో ఒకటి కాదు, మూడు పరీక్షలున్నాయి. అమెరికన్ లిటరేచర్ ఒకటి, ఇంగ్లిష్ లిటరేచర్ ఒకటి, అనలైజింగ్ అండ్ ఇంటర్‌ప్రెటింగ్ లిటరేచర్ ఇంకొకటి. ఇక్కడ ఇంగ్లిష్ లిటరేచర్ అంటే బ్రిటన్ సాహిత్యమే. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లిష్ వీరకావ్యం కాలం నుంచి ఈనాటి దాకా. మా కాలేజీ ఆఫీసులో అడిగితే ‘లిటరేచర్ క్లెప్ రాయండి’ అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు. నేను వారం రోజులు అమెరికన్ కవులను చదువుతూ కూర్చున్నాను. మీ కాలేజీ ఏ పరీక్షకి ఏ కోర్సు క్రెడిట్ ఇస్తుందో ఈమెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు. ఇంగ్లిష్ లిటరేచర్‌కి విడిగా వ్యాసాల భాగం కూడా ఉంది, కొన్ని కాలేజీలు అదీ రాయమంటాయి. మా వాళ్లు అడగలేదు.

చదవడం సంగతి. 90 నిమిషాల్లో దాదాపు 95 ప్రశ్నలు. ప్రశ్నకి నిమిషం కూడా లేదు. వాటిలో మూడో వంతుకి కాస్త పైన మాత్రమే ఎవరు రాశారు, ఏ కాలం, ఏ ప్రక్రియ లాంటివి. మిగతావన్నీ ఒక పద్యమో పేరానో ఇచ్చి, దాని ధోరణి ఏమిటి, ఫలానా పాదంలో ఫలానా మాట దేన్ని చెబుతోంది అని అడిగేవి. ఈ లెక్క తెలియక నేను విక్టోరియా కాలపు నవల ఒకటి, దిండంత లావున్నది, మూడు వారాలు కూర్చుని చదివాను. ఆ మూడు వారాలు రోజుకి రెండు పద్యాలు అర్థం చేసుకుంటూ చదివినా ఎంతో నయంగా ఉండేది. నవలల కథలు, పాత్రలు క్లుప్తంగా తెలిస్తే చాలు. పద్యాలు మాత్రం పద్యాలుగానే చదవాలి, సారాంశాలతో పని జరగదు. సంవత్సరాలు కొన్ని వంటింటి అల్మరా తలుపు మీద అంటించుకున్నాను. 1066 ఇంగ్లండ్‌కి నార్మన్లు రావడం, 1660 అక్కడ రాజరికం తిరిగి రావడం, 1798 కవులు వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి పుస్తకం వేయడం, 1837 విక్టోరియా గద్దెనెక్కడం. ఎవరు ఏ గదిలో ఉంటారో తెలియడానికి ఈ నాలుగు గోడలు చాలు.

ఇదంతా ఒక ఎత్తు, ఛందస్సు ఒక ఎత్తు.

ఇంగ్లిష్ పద్యంలో ఊనిక, అంటే ఒత్తి పలికే బరువు, ఎక్కడ పడుతుందో చూసి గణాలు విడదీయాలి. ఐయాంబిక్ పెంటామీటర్ అంటారు, ట్రోకీ అంటారు, డాక్టిల్ అంటారు. నిర్వచనాలు నాకు కంఠతా వచ్చాయి. బరువు లేని అక్షరం, తర్వాత బరువున్న అక్షరం, ఇలాంటివి ఐదు. చదవగానే బాగానే అర్థమైంది. కానీ పద్యం ముందు పెట్టుకుంటే బరువు ఏ అక్షరం మీద ఉందో నా చెవికి తెలియలేదు. అన్ని అక్షరాలూ ఒకే బరువుగా వినిపించాయి. మనం ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం కదా, తెలుగు అలవాటు అది.

కాలేజీలో ఉచితంగా ట్యూటర్ సాయం చేస్తారంటే వెళ్లాను. ఇరవై ఏళ్ల కుర్రాడు. పద్యం పైకి చదవమన్నాడు, బరువు పడిన చోటల్లా బల్ల మీద తట్టమన్నాడు. చదివాను, తట్టాను. నేను ప్రతి అక్షరానికీ తట్టాను. కాదన్నాడు. మళ్లీ చదివాను. ఈసారి దీర్ఘం ఉన్నచోటల్లా తట్టాను. కాదన్నాడు. పక్క కుర్చీల్లో ఇద్దరు పిల్లలు తమ వంతు కోసం చూస్తున్నారు, వాళ్లు ఫోన్లు పక్కన పెట్టి నావైపు చూడడం నాకు కనిపిస్తూనే ఉంది. మూడోసారి నా గొంతు వణికింది. అప్పుడతను కుర్చీ వెనక్కి జరిపి, చిన్నపిల్లకి చెప్పినట్టు ఒక్కో మాట ఒత్తి పలుకుతూ, ‘మీకిది సరైన పరీక్ష కాదేమో, ముందు ఈఎస్ఎల్ రీడింగ్ తీసుకోండి’ అన్నాడు. ఈఎస్ఎల్ అంటే ఇంగ్లిష్ రానివాళ్లకి నేర్పే క్లాసు. అంతటితో ఆగలేదు. రెండు రోజుల తర్వాత కౌన్సిలర్ దగ్గర నుంచి ఆ క్లాసుకి ఫారం వచ్చింది, నేను అడక్కుండానే.

ఆ రోజు కారులో కూర్చుని స్టార్ట్ చెయ్యకుండా అరగంట ఏడ్చాను. అప్పటికి నేను ఆ కాలేజీలో నాలుగు కోర్సులు చదివాను, నాలుగింటిలోనూ ‘ఏ’ గ్రేడే. ఇంగ్లిష్ కాంపొజిషన్‌లో కూడా ‘ఏ’ వచ్చింది. అవేవీ వాళ్లు చూడలేదు, నా యాస ఒక్కటే చూశారు. చెప్పడం చేతకాకపోతే చేతకాలేదని ఒప్పుకోవాలి గానీ, ఎదుటి మనిషికి భాషే రాదని తేల్చేయడం అన్యాయం. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెంపలు వేడెక్కుతున్నాయి.

ఆ రాత్రి గిన్నెలు కడుగుతుంటే మా అమ్మాయి వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను. అది కాసేపు ఆలోచించి, ‘అమ్మా, మనీ అను’ అంది. మనీ అన్నాను. ‘సిటీ అను. హోటల్ అను.’ అన్నాను. ‘నువ్వు మ-నీ అంటావు, బరువంతా చివరి ‘నీ’ మీద వేస్తావు. మా స్కూల్లో మ మీద వేస్తారు, నీ ఉండీ లేనట్టు వదిలేస్తారు. నువ్వు హోటల్‌లో హో మీద వేస్తావు, మేము టెల్ మీద వేస్తాం’ అంది. తర్వాత డిక్షనరీ తెచ్చి ప్రెజెంట్ అనే మాట చూపించింది. ఉచ్చారణ రాసే చోట ఒక అక్షరం ముందు చిన్న నిలువు గీత ఉంటుంది చూడండి, ఆ గీత తర్వాతి అక్షరం మీదే బరువు. బహుమతి అనే అర్థంలో గీత మొదట్లో ఉంది. సమర్పించడం అనే అర్థంలో మధ్యలో ఉంది. స్పెల్లింగ్ ఒకటే! ఇన్నేళ్లుగా డిక్షనరీ చూస్తున్నాను, ఆ గీత ఎందుకుందో ఏనాడూ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

చేతికి సబ్బు నురగ అలాగే ఉంది. మా పదో తరగతి తెలుగు మాస్టారు ఒక్కసారిగా గుర్తొచ్చారు. ‘యమాతారాజభానసలగం’ అని బెత్తంతో బల్ల మీద కొడుతూ మాచేత ఉత్పలమాల విడదీయించేవారు. భ, ర, న, భ, భ, ర, వ. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. ఆయన తరగతిలో గణవిభజనలో నాకెప్పుడూ తప్పు పోలేదు, ఇది గర్వంగానే చెబుతున్నాను. నా తప్పేమిటో అప్పుడు అర్థమైంది. నేను ఇంగ్లిష్ పద్యంలో కూడా మన గురువు కోసం వెతుకుతున్నాను. మనకి గురువంటే కాలం. దీర్ఘమైనా, పక్కన సంయుక్తాక్షరమున్నా, సున్నా ఉన్నా, పొల్లు ఉన్నా గురువు. కంటితో చూసి గుర్తు పెట్టేయవచ్చు. వాళ్లకి గురువంటే బలం. అది కాగితం మీద కనపడదు, చెవితో పట్టాలి. మన లెక్కన విండో రెండు గురువులు. వాళ్ల లెక్కన ఒక గురువు, ఒక లఘువు. మన లెక్కన మనీ లఘువు, గురువు. వాళ్లకి సరిగ్గా తిరగబడుతుంది.

గురువుని గుర్తుపట్టే పద్ధతి మార్చుకుంటే, గణాలన్నీ మనవే! ఐయాంబ్ అంటే లగం, మన వ గణం. ట్రోకీ మన హ గణం. డాక్టిల్ భ గణం. అనపెస్ట్ స గణం. స్పాండీ రెండు గురువులు, గగం. ఐయాంబిక్ పెంటామీటర్ అంటే వరసగా ఐదు వ గణాలు, పది అక్షరాలు, అంతే. అంత్యప్రాస లేకుండా అలా రాసుకుంటూ పోతే బ్లాంక్ వర్స్, మిల్టన్ కవి పారడైజ్ లాస్ట్ కావ్యం అందులోనే రాశాడు. రెండేసి పాదాలకి అంత్యప్రాస కలిపితే హీరోయిక్ కప్లెట్, పోప్ అనే కవి చెయ్యి తిరిగిన ఛందస్సు. స్పెన్సర్ అనే కవి పద్యంలో తొమ్మిది పాదాలు, చివరి పాదానికి ఒక వ గణం ఎక్కువ. నెల రోజులు తలకెక్కనివన్నీ ఒక్క రాత్రిలో తమ చోట్లలో కూర్చున్నాయి. పాత ఇంగ్లిష్ పద్యం చూసినప్పుడైతే ఒళ్లు గగుర్పొడిచింది. బేవుల్ఫ్‌లో ప్రతి పాదం మధ్యలో విరుగుతుంది, విరిగిన రెండు సగాలనీ మొదటి ధ్వని మైత్రి కలుపుతుంది. మన యతికి ఎంత దగ్గర! వెయ్యేళ్ల కిందట, మనకి ఏ సంబంధమూ లేని చలిదేశంలో.

ఆ మర్నాటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎడమవైపు తెలుగు లిపిలో మాట రాసి మన గురులఘువులు, కుడివైపు డిక్షనరీ గీత చూసి వాళ్ల గురులఘువులు. రోజుకి పది మాటలు. రెండువైపులా కలవని మాటలకి ఎర్ర సిరా. తర్వాత మంచి నటులు చదివిన పద్యాల రికార్డింగులు వింటూ వంట చేశాను. బరువు పడని అక్షరాన్ని వాళ్లు సగం మింగేస్తారు, అది వినపడడం మొదలైతే పని అయిపోయినట్టే. ఆరు వారాలు పట్టింది. ఇంకో లాభం కూడా కలిగింది. ఛందస్సు తెలిశాక పద్యం అర్థం కూడా త్వరగా తెలిసింది. కవి లయ ఎక్కడ తప్పిస్తాడో అక్కడే చెప్పాల్సిన మాట పెడతాడు, ప్రశ్న కూడా తరచూ అక్కడి నుంచే వస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. నేను చదువుతున్నానని తెలిసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ముగ్గురు అడిగిన మొదటి మాట, ‘అక్కా, డంప్స్ ఉన్నాయా?’ డంప్స్ అంటే పరీక్షలో వచ్చిన ప్రశ్నలు, జవాబులు దొంగచాటుగా పోగుచేసినవి. నాకు చాలా బాధేసింది. సర్టిఫికేషన్ పరీక్షలకి డంప్స్ బట్టీ పట్టి పాసవ్వడం మనలో మామూలైపోయింది, పిల్లలు మనల్ని చూస్తున్నారని ఒక్కరికీ గుర్తులేదు. నా దగ్గర ఏ డంప్స్ లేవు. నాకొచ్చిన ప్రశ్నలు కూడా ఎవరికీ చెప్పను, చెప్పనని ఒప్పుకున్నాకే పరీక్ష రాయనిచ్చారు. కాలేజ్ బోర్డు వాళ్ల నమూనా ప్రశ్నలున్నాయి, అవి చేసుకోండి.

పరీక్ష రోజు పెద్ద విశేషాలు లేవు. బ్యాగు, ఫోను లాకర్‌లో పెట్టించుకున్నారు, రఫ్ పేపరు ఇచ్చారు. మొదటి ఐదు నిమిషాలు చేతులు చల్లబడ్డాయి, తర్వాత సర్దుకున్నాను. తెలియని కవి వస్తే అక్కడ ఆగిపోకుండా గుర్తు పెట్టి ముందుకెళ్లాను. ఛందస్సు గురించి అడిగినచోట రఫ్ పేపరు మీద మన గురులఘువుల గుర్తులే వేసుకున్నాను, యూ ఆకారం, నిలువు గీత, మాస్టారు నేర్పినట్టే. చివర్లో ఎనిమిది నిమిషాలు మిగిలాయి. బటన్ నొక్కగానే స్క్రీన్ మీద స్కోరు వచ్చింది. 61 అని రెండుసార్లు చదువుకున్నాను. లాకర్ తెరిచి మొదటి ఫోన్ మా అమ్మాయికే చేశాను, స్కూల్లో ఉంటుందని తెలిసి కూడా.

పక్క బ్లాకులో ఉండే చెల్లాయి ఒకామె అక్టోబర్‌లో ఇదే పరీక్ష రాస్తోంది. ఎర్ర సిరా నోట్‌బుక్ ఇస్తానన్నాను. కానీ తను ఇంగ్లిష్ మీడియంలో, తెలుగు బదులు వేరే భాష తీసుకుని చదువుకుందట, గురువు లఘువు అంటే తెలియదంది. శనివారం భోజనాలయ్యాక రమ్మన్నాను, ముందు వేమన పద్యంతో మొదలుపెట్టాలి.