‘లేదు మేడమ్’

జైల్లోకి వచ్చిన రోజే అడుగుతారు, చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని. అడిగేది యూనిఫాంలో ఉన్న మనిషి. వెనక ఇంకో ఇద్దరు కొత్తవాళ్ళు నిలబడి వింటుంటారు. అంతకు కాసేపటి ముందే బట్టలు విప్పించి సోదా చేసి ఉంటారు. ఆ స్థితిలో ఎవరైనా ఏం చెప్తారు? ‘లేదు మేడమ్’ అంటారు. ఫారంలో టిక్ పడుతుంది.

నేను మహిళల జైలుకి కౌన్సెలర్‌గా వెళ్తుంటాను. ఒకామె (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను) గంటసేపూ కొడుకు చదువు గురించే మాట్లాడింది. లేచి వెళ్తూ, “రాత్రిళ్ళు లైటు ఆర్పరు, అదే నయం మేడమ్. చీకటైతే ఏం చేసుకుంటానో నాకే తెలీదు” అంది. ఎవరికైనా చెప్పావా అంటే నవ్వింది. “చెప్తే ఒంటరి సెల్లో వేస్తారు. ఇక్కడైతే పక్కన అక్క ఉంది. నేను లేస్తే తనూ లేస్తుంది.”

సైకియాట్రిస్టులు చాలరు, మందులు అందవు, నిజమే. కానీ నిజం చెప్పినందుకు దుప్పటి కూడా తీసేసుకుని ఒక్కదాన్నే గదిలో పడేస్తే, దాన్ని వైద్యం అని ఆమె ఎందుకు అనుకుంటుంది? బ్యారక్ అంతా చూస్తుంది. ఇక ఎవరూ నోరు విప్పరు.

కాగితం మీద మాత్రం లోటేమీ లేదు. మహిళా ఖైదీల కోసం 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు మొత్తం 70. జైలుకొచ్చిన స్త్రీకి చేసే ఆరోగ్య పరీక్షలోనే పాత మానసిక గాయాల ప్రభావం, ఆత్మహత్య ప్రమాదం చూడాలని ఆరో నియమం. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ ఏకాంత నిర్బంధం శిక్షగా వేయకూడదని 22వది. నాకు బాగా నచ్చేది 13వది: ఆడవాళ్ళు ఏ సమయాల్లో ఎక్కువ కుంగిపోతారో సిబ్బందికి తెలిసుండాలి.

అవి ఎప్పుడో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. కోర్టు వాయిదా నుంచి తిరిగొచ్చిన సాయంత్రం. ములాఖత్‌కి వస్తామన్నవాళ్ళు రాని రోజు. తనతో పాటే ఉన్న బిడ్డకి వయసు దాటిందని బయటికి పంపేసిన వారం. నైట్ డ్యూటీ వార్డర్‌కి ఇవన్నీ తెలుసు. నాకు తెలిసిన ఒకామె వాయిదాల రాత్రి రౌండుకొచ్చినప్పుడు ఊచల దగ్గర ఆగి “తిన్నావా?” అని అడిగి వెళ్తుంది. ఆమె డ్యూటీ చార్టులో ఆ పని లేదు.

పోనీ అధికారులకి జాలి లేదా అంటే, అదీ కాదు. వాళ్ళ భయం వేరు. బ్యారక్‌లో ఏదైనా జరిగితే విచారణ వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. ఒంటరి సెల్లో వేస్తే ‘జాగ్రత్త తీసుకున్నాం’ అని రాసుకోవచ్చు.

అందుకే, కొడుకు చదువు గురించి మాట్లాడిన ఆమె ఒప్పుకున్నాక డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆమెని అక్క పక్కనే ఉంచాలనీ, రాత్రి రౌండ్లు పెంచాలనీ, వారానికోసారి మళ్ళీ చూడాలనీ డాక్టర్ రాసి సంతకం పెట్టారు. కింద నా సంతకం. అది చూశాక అధికారి కూడా ఒప్పుకున్నారు. బాధ్యత ముగ్గురి మధ్య పంచుకునేసరికి ఆయన గొంతే మారింది.

తర్వాతి వారం అదే బ్యారక్ నుంచి ఇంకో ఇద్దరు కౌన్సెలింగ్‌కి పేర్లు రాయించుకున్నారు. ఇద్దరూ కూర్చోగానే అడిగింది ఒకటే: “చెప్తే నా చోటు మార్చరు కదా?”