డిసెంబర్ 4: ఏ గదిలో, ఏ టేపు మీద

డిసెంబర్ 4, హైదరాబాద్.

ఈ తారీఖు రాగానే తెలుగువాళ్లకి ఘంటసాల గుర్తొస్తారు. 1922లో ఇదే రోజున గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. పొద్దున్నుంచీ రేడియోలోనూ ఫోన్లలోనూ ఆయన గొంతే. కానీ పాటల చరిత్రలో ఈ రోజు ఒక్క మన తెలుగువాళ్లదే కాదు. 1956లో అమెరికాలోని మెంఫిస్‌లో, 1971లో స్విట్జర్లాండులో, 1980లో ఇంగ్లండులో, 1993లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన నాలుగు పెద్ద సంగతులు కూడా డిసెంబర్ 4నే. ఇంత నిండైన తారీఖు ఏడాదిలో అరుదు.

‘ఈ రోజున’ అనే జాబితాలు చదివి పేజీ తిప్పేస్తే బుర్రలో ఏమీ నిలవదు. ప్రతి సంగతి దగ్గరా ఆగి, ఆ శబ్దం ఏ గదిలో పుట్టింది, టేపు మీదికి ఎలా ఎక్కింది అని అడగాలి. అప్పుడే తారీఖు పాటగా వినిపిస్తుంది.

ఘంటసాలతోనే మొదలుపెడదాం. ఆయన సినిమాల్లోకి వచ్చిన కాలంలో గాయకుడూ వాద్యబృందమూ ఒకే గదిలో, ఒకేసారి పాడి వాయించాలి. వయొలిన్ వాళ్లలో ఒకరు తప్పు పలికించినా పాట మళ్లీ మొదటినుంచీ. ఎవరి ధ్వని ఎంత వినపడాలన్నది చాలావరకు మైకుకి ఎవరెంత దూరంలో కూర్చున్నారన్నదాన్ని బట్టే తేలేది. గ్రామఫోన్ రికార్డు సంగతి ఇంకో ఇరుకు: నిమిషానికి 78 సార్లు తిరిగే 10 అంగుళాల ‘78’ రికార్డులో ఒక్కో వైపున మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. నాటకాల్లో పద్యానికి ముందూ వెనకా సాగే రాగాలాపన అందులో ఇమడదు. ఘంటసాల పద్యానికి ఆలాపన తగ్గించి, అక్షరం విడివిడిగా వినపడేలా, భావం దగ్గర విరుపు పెట్టి పాడారు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ రికార్డు వింటే తెలుస్తుంది: ఉత్పలమాల పాదం ఇరవయ్యో అక్షరంతో ముగుస్తుంది కానీ ఆయన ఊపిరి అక్కడే ఆగాలని లేదు, అర్థం ఆగినచోట ఆగుతుంది. ఆ పద్ధతి వెనక ఆయన చదువూ సంస్కారమూ ఉన్నాయి. మూడు నిమిషాల హద్దు కూడా దానికి సాయపడిందని నా గట్టి నమ్మకం.

పాత 78 రికార్డు చేతికి దొరికితే, ఇవాళే వినాలని ఉంటే, నాలుగు జాగ్రత్తలు. ఎల్పీకి, అంటే తరవాత వచ్చిన లాంగ్ ప్లే రికార్డుకి, వాడే ముల్లుతో వేయకూడదు. 78 గాడి వెడల్పు ఎక్కువ. దానికి అంగుళంలో వెయ్యో వంతులు మూడు ఉండే ముల్లు కావాలి, ఎల్పీ ముల్లు ఒక్క వంతు మించదు. సన్న ముల్లు గాడి గోడలకి ఆనకుండా అడుగుకి దిగిపోయి దుమ్మును గీరుతుంది, అందుకే బరబరమనే చప్పుడు తప్ప పాట వినపడదు. కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోన్ పెట్టెలో స్టీలు ముల్లు ఉంటే ప్రతి వైపుకీ కొత్తది మార్చాలి. అరిగిన ముల్లు గాడిని కోసేస్తుంది. శుభ్రం చేయడానికి స్పిరిట్ ముట్టుకోవద్దు, అది రికార్డు తయారైన లక్కను కరిగిస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క మెత్తని సబ్బు కలిపి, లేబుల్ తడవకుండా, గాడి వెంట గుండ్రంగా తుడిచి వెంటనే ఆరబెట్టాలి. ఇక వేగం. పళ్లెం ఆరు శాతం అటూఇటూ తిరిగితే శ్రుతి అరమెట్టు మారుతుంది, వేగం పెరిగితే రెండు శ్రుతిలో పాడింది రెండున్నరలో వినిపిస్తుంది. ఘంటసాల గొంతు సన్నగా వినపడితే గొంతును అనుమానించకుండా ముందు పళ్లెం వేగం చూడాలి.

1956, మంగళవారం. మెంఫిస్‌లో యూనియన్ అవెన్యూ 706 నంబరు, సన్ స్టూడియో. ఆ మధ్యాహ్నం గాయకుడు కార్ల్ పెర్కిన్స్ తన అన్నదమ్ములతో పాట రికార్డు చేసుకోవడానికి వచ్చాడు. పియానో వాయించడానికి స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ ఒక కొత్త కుర్రాణ్ణి పిలిపించాడు, పేరు జెరీ లీ లూయిస్. మెంఫిస్ దాటితే అప్పటికి అతన్ని ఎరిగినవాళ్లు తక్కువ. అంతకు ముందు ఏడాదే సన్ కంపెనీ వదిలి ఆర్‌సీఏ అనే పెద్ద రికార్డు కంపెనీకి వెళ్లిపోయిన ఎల్విస్ ప్రెస్లీ ఊరికే పలకరించిపోదామని వచ్చాడు. గాయకుడు జానీ క్యాష్ కూడా ఉన్నాడు. నలుగురూ పియానో చుట్టూ చేరి చర్చి పాటలూ పల్లె పాటలూ అందుకున్నారు. ఇంజినీరు జాక్ క్లెమెంట్ చేసిన గొప్ప పని ఒక్కటే: టేపు ఆపలేదు. శామ్ ఫిలిప్స్ ఊళ్లో పత్రికకి ఫోన్ చేశాడు. మర్నాడు అచ్చయిన ‘మిలియన్ డాలర్ క్వార్టెట్’ అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ టేపు రికార్డుగా మొదట వెలువడింది 1981లో, అదీ యూరప్‌లో. అంటే పాతికేళ్లు పెట్టెలోనే ఉంది. వినేటప్పుడు ఒక సంగతి గమనించాలి. జానీ క్యాష్ గొంతు వేరు చేసి పట్టుకోవడం చాలా కష్టం. తాను మైకుకి అందరికంటే దూరంగా ఉన్నాననీ, ఎల్విస్‌తో కలవడానికి తన మామూలు శ్రుతి కంటే పైన పాడాననీ తరవాత ఆయనే చెప్పుకున్నాడు. సరదాగా పాడుకునే పాటకి మైకులు ఎవరు సర్దుతారు? తలుపు చప్పుళ్లూ మాటలూ పాట మధ్యలో ఆగిపోవడాలూ అన్నీ టేపులో ఉన్నాయి. నాకు ఆ టేపులో అన్నిటికన్నా ఇష్టమైనవి అవే.

సన్ స్టూడియో ప్రతిధ్వని గురించి కూడా రాసుకోవాలి, సాయంత్రం ఘంటసాల పాటల సభలో పనికొస్తుంది. శామ్ ఫిలిప్స్ దగ్గర రెండు ఆంపెక్స్ టేపు మెషీన్లు ఉండేవి. పాటను ఒకదాని మీద రికార్డు చేస్తూనే రెండోదానికీ పంపేవాడు. ఆ రెండో మెషీన్లో టేపు, ధ్వనిని ఎక్కించే రికార్డు హెడ్ దాటి, దాన్ని వినిపించే ప్లే హెడ్ దగ్గరకి చేరేలోపు కొంచెం ఆలస్యం అవుతుంది. దాన్నే తెచ్చి పాటలో కలిపేవాడు. సెకనుకి 15 అంగుళాల వేగంతో టేపు నడిచి, రెండు హెడ్ల మధ్య రెండు అంగుళాలు ఉంటే, ఆలస్యం సెకనులో ఏడెనిమిదో వంతు. ఒక్కసారే, పొట్టిగా తిరిగి పలుకుతుంది. గొంతు చిక్కగా వినిపిస్తుంది, మాట మాత్రం చెదరదు.

1971, శనివారం. జెనీవా సరస్సు ఒడ్డున మాంత్రో కసీనో. అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ నడుస్తుండగా జనంలోంచి ఎవరో నిప్పురవ్వల తుపాకీ పేల్చారు, పైకప్పు అంటుకుంది. భవనం మొత్తం కాలిపోయింది. అంతమంది జనంలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అక్కడి సంగీతోత్సవం నడిపే క్లోడ్ నాబ్స్ కూడా లోపలికి పోయి కుర్రాళ్లని బయటికి తెచ్చాడు. జప్పా బృందం వాయిద్యాలు బూడిదయ్యాయి.

ఆ కచేరీ అయ్యాక అదే కసీనోలో ఆల్బం రికార్డు చేసుకుందామని ఇంగ్లండు రాక్ బృందం డీప్ పర్పుల్ అప్పటికే ఊళ్లో దిగి ఉంది. రోలింగ్ స్టోన్స్ అనే ఇంకో బృందం వాళ్ల రికార్డింగ్ లారీని అద్దెకి తెచ్చుకున్నారు. స్టూడియో పరికరాలన్నీ లారీలోనే ఉంటాయి, తీగలు లాగి ఏ భవనంలోనైనా మైకులు పెట్టుకోవచ్చు. ఇప్పుడు లారీ ఉంది, గది లేదు. ముందు పెవిలియన్ అనే థియేటర్లో మొదలుపెట్టారు. రాత్రిపూట ఆ మోతకి చుట్టుపక్కలవాళ్లు పోలీసుల్ని పిలిచారు. పోలీసులు లోపలికి రాకుండా సిబ్బంది తలుపులు పట్టుకుని ఉండగా ఒక వరుస పూర్తయింది. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ వాద్యభాగం అదే. సరస్సు మీద పరుచుకున్న పొగ చూసిన రోజర్ గ్లోవర్‌కి ఆ పేరు కొన్నాళ్లకి నిద్రలేస్తూ తట్టింది. మిగతా ఆల్బం చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ నడవాలో. గోడలకి పరుపులు ఆనించి ధ్వనిని అణిచారు. లారీ దాకా వెళ్లి టేపు వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుని పోవాలి. అందుకని వినడం మానేసి, బాగా వచ్చిందని తోచేదాకా వాయించేవారు. ఆ ఆల్బంలో కచేరీ వేడి ఉండడానికి ఇదే ముఖ్య కారణం.

‘స్మోక్ ఆన్ ద వాటర్’ వరుసను హార్మోనియం మీద పట్టుకోవచ్చు. జీ శ్రుతిని షడ్జమం అనుకుంటే: స గ మ, స గ మ మ, స గ మ, గ స. ఇక్కడి గాంధారం సాధారణ గాంధారం. రెండో ముక్కలో మొదటిది ప్రతి మధ్యమం, దాని వెంటనే వచ్చేది శుద్ధ మధ్యమం. కర్ణాటక మేళకర్తలో రెండు మధ్యమాలకి చోటు లేదు, మన చెవికి ఆ మలుపు అందుకే కొత్తగా తగులుతుంది. ఇంతవరకూ పై స్వరం. దాని కింద నాలుగో మెట్టు ఎడంలో ఇంకో స్వరం జతగా నడుస్తుంది: షడ్జమానికి మంద్ర పంచమం, గాంధారానికి మంద్ర కైశికి నిషాదం, అలా. గిటార్ మీదైతే డి, జి తీగలు రెండూ కలిపి: ఖాళీ, 3, 5, ఖాళీ, 3, 6, 5, ఖాళీ, 3, 5, 3, ఖాళీ. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాట్లు రెండు. ఒకటి, పంచమం జతతో వాయించడం, అప్పుడు వరుస బరువెక్కి మొద్దుబారుతుంది. రెండు, ప్లెక్ట్రమ్‌తో, అంటే మీటే బిళ్లతో, కిందికి గీయడం. గీస్తే ఒక తీగ ముందు, ఒకటి వెనక పలుకుతుంది. రిచీ బ్లాక్‌మోర్ రెండు తీగల్నీ వేళ్లతో ఒకేసారి మీటుతాడు.

రోలింగ్ స్టోన్స్ వాళ్ల అదే లారీ అంతకుముందు ఇంగ్లండులో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతి ముందు నిలబడింది. లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం డ్రమ్మర్ జాన్ బోనమ్‌ని మెట్లదారి అడుగున కూర్చోబెట్టి, రెండే మైకులు పై అంతస్తు నుంచి వేలాడదీశాడు ఇంజినీరు ఆండీ జాన్స్. ఆ మెట్లదారి గాలి మొత్తం డ్రమ్ములో కలిసిపోయి, ఇప్పటికీ ఎందరో నమూనాగా వాడుకునే శబ్దం తయారైంది. బోనమ్ 1980 సెప్టెంబర్ 25న పోయాడు. ఆయన లేకుండా బృందం కొనసాగదని మిగతా ముగ్గురూ ప్రకటించింది డిసెంబర్ 4న. సెప్టెంబర్ 25 మనకీ కన్నీటి రోజే, 2020లో బాలు గారు వెళ్లిపోయింది ఆ తారీఖునే.

1993, మళ్లీ శనివారం. ఫ్రాంక్ జప్పా లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు, 52 ఏళ్లకి. కసీనో కాలిన తారీఖే. సాయంత్రం ఆరు కావస్తుండగా పోయాడని కుటుంబం చెప్పింది, ఆ క్షణాన హైదరాబాద్‌లో 5వ తారీఖు పొద్దున్న ఏడున్నర కావస్తోంది. తారీఖులు రాసుకునేవాళ్లు అక్కడి తేదీనే రాయాలి. పాట రికార్డయిన రోజునూ విడుదలైన రోజునూ వేరువేరు గడుల్లో పెట్టుకోవాలి. రెండూ కలిపేస్తే మెంఫిస్ టేపు లాంటివి పాతికేళ్లు తప్పిపోతాయి.

సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఘంటసాల పాటలు పాడబోయే మిత్రులకి రెండు మాటలు. వేదిక మీద ఎకో మీటని పాటకి పెట్టినట్టే పద్యానికీ ఉంచేస్తున్నారు. పద్యం వేగంగా సాగేచోట సెకనుకి నాలుగైదు అక్షరాలు పడతాయి, అంటే ఒక్కో అక్షరం సెకనులో నాలుగోవంతు లేదా ఐదోవంతు. ఎకో సెకనులో మూడోవంతు ఆలస్యంతో మూడు నాలుగుసార్లు తిరిగి పలికితే, వెనకటి అక్షరం ముందటి అక్షరం మీద పడి సమాసం అంతా ముద్దయిపోతుంది. అదే సన్ స్టూడియో కొలత పెడితే ప్రతిధ్వని ఆ అక్షరంలోనే మొదలవుతుంది. కాబట్టి సౌండ్ మనిషికి ముందే చెప్పాలి: ఆలస్యం 130 మిల్లీసెకన్లకి మించకూడదు, తిరిగి పలకడం ఒక్కసారే, మోతాదు గొంతులో పదోవంతు. కుదరకపోతే పద్యం వరకూ ఎకో పూర్తిగా తీసేయమనండి. వాద్యం ముందే రికార్డయి ఉన్న ట్రాక్ శ్రుతి మీ గొంతుకి ఎక్కువైతే ఇంటి దగ్గరే సాఫ్ట్‌వేర్‌లో అరమెట్టు, మెట్టు దించుకుని రండి. అంతకన్నా దించితే వయొలిన్లు గరగరలాడతాయి. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి, తారస్థాయికి వెళ్లేటప్పుడు జానెడు వెనక్కి జరపాలి. 'ప', 'భ', 'ఫ' అక్షరాల దగ్గర మైకును కొంచెం పక్కకి తిప్పి పట్టుకుంటే గాలి దెబ్బ స్పీకర్లో పేలదు.