కింది దవడలో నరం దారి

గతవారం ఒక పెద్దాయనకు కింది జ్ఞానదంతం తీయవలసి వచ్చింది. దవడ నరానికి, బుగ్గ నరానికి విడివిడిగా మత్తు సూది వేసిన కాసేపటికి ఆ వైపు కింది పెదవి పూర్తిగా మొద్దుబారింది. అయినా పన్నును కదపబోగానే ఆయన నా చేయి పట్టుకుని ఆపేశారు. రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే అయిన ఓపీజీలో అనుమానించదగినదేమీ లేదు. దవడను మూడు కోణాల్లో చూపే స్కాన్ సీబీసీటీ తీయించి చూస్తే, ఎముకలో నరం సాగే ప్రధాన కాలువ నుంచి సన్నని పాయ ఒకటి విడిపోయి, పైకి వంపు తిరిగి, జ్ఞానదంతం వెనక ఎముక పైభాగంలో తెరుచుకుంటోంది. ఆ చోట మరికొంత మందు వేశాకే పన్ను తీయగలిగాను.

దవడ వెనక భాగంలో లోపలి వైపు నుంచి ఎముకలోకి దిగిన నరం, దవడపళ్ల వేళ్ల కింద కాలువలో సాగి, ముందు దవడపళ్ల కింద మెంటల్ ఫొరామెన్ అనే రంధ్రం గుండా బయటపడి పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుందని మేము చదువుకున్నాం. అది నిజమే కానీ, కాలువ కొందరిలో రెండుగా చీలుతుంది, ఆ రంధ్రానికి తోడు మరొకటి కూడా ఉండవచ్చు. పిల్లల్లో నరం లోపలికి దిగే చోటు పెద్దవారిలో కంటే కిందుగా ఉంటుంది కాబట్టి సూదిని కూడా కిందికి దించి వేయాలి.

ఎక్స్‌రేలో జ్ఞానదంతం వేరు మీద నల్లని నీడ పడినా, కాలువ తెల్లని గీత అక్కడ తెగినట్టున్నా, కాలువ పక్కకు వంగినా నరం వేరును ఆనుకుని ఉందని అనుమానించాలి. అలాంటప్పుడు పన్ను పైభాగం మాత్రమే తీసి వేళ్లను వదిలేయడం చాలామందికి మేలు.

ఊడిన పంటి చోట ఎముకలో బిగించే ఇంప్లాంట్ల విషయంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ముందు భాగం. నరం బయటపడేముందు కొందరిలో రంధ్రాన్ని దాటి ముందుకు వెళ్లి, మళ్లీ వెనక్కి తిరుగుతుంది. దాన్ని గమనించక రంధ్రానికి ముందు ఎముక ఖాళీగా ఉందనుకుంటే పెదవి స్పర్శ శాశ్వతంగా పోవచ్చు. అందుకే నరానికీ ఇంప్లాంటుకూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలమంటారు. నాలుక వైపు ఎముక లోపలికి గుంతపడి ఉన్నవారిలో డ్రిల్ ఆ గోడను చీల్చుకుని నాలుక కింది ధమనిని తెంపితే, రక్తం గూడుకట్టి నాలుకను పైకి నెట్టి ఊపిరి దారిని మూసేయగలదు. ఇది అరుదే, కానీ ప్రాణాంతకం.

పళ్లన్నీ ఊడి ఏళ్లు గడిచినవారిలో ఎముక అరిగిపోయి మెంటల్ ఫొరామెన్ చిగుళ్ల అంచుకే వచ్చేస్తుంది. కట్టుడు పళ్లతో నమలగానే పెదవిలో కరెంటు కొట్టినట్టుందని ఒక అవ్వ చెబితే, వేలితో అక్కడే మెల్లగా నొక్కి చూశాను, ఆమె ఉలిక్కిపడింది. సెట్టు లోపలి వైపు సరిగ్గా ఆ చోట కొద్దిగా అరగదీసి ఇచ్చాక మళ్లీ అన్నం నమలగలిగింది.