గట్టు తప్ప ఎత్తు లేని ఊళ్లో ఘాట్ రోడ్డు జబ్బు

మా ఊళ్లో ఎత్తు అంటే రెండే. ఒకటి గోదారి గట్టు, రెండోది సఖినేటిపల్లి రేవులో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) దిగి పైకొచ్చే దారి. కోనసీమలో మా మలికిపురం చుట్టుపక్కల మిగతాదంతా పళ్లెంలా చదును. కొబ్బరి తోటలు, కాలవలు, రొయ్యల చెరువులు. ఇలాంటి చోట నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ పికప్ ఎందుకని, నేను కొన్న రోజు నుంచీ మా బావ అడుగుతూనే ఉన్నాడు. వానాకాలం బురదలో చెరువు గట్ల మీదికి మేత బస్తాలు తోలడానికి అని చెప్తాను. ఏడాదికి రెండుసార్లు మారేడుమిల్లి అడవిలో తిరగడానికని తనకీ తెలుసు.

కార్తీక మాసంలో ఆ మారేడుమిల్లి వైపే, పుల్లంగి నుంచి గుడిస కొండ ఎక్కుతుంటే బండి చేతులెత్తేసింది. సూర్యోదయం చూద్దామని తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. లోపల ఐదుగురం, వెనక సామాను. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హైలో, రెండో గేరు. మొదటి రెండు మలుపులు బాగానే లాగింది. మూడోది దాటాక యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 2,500 నుంచి 1,600కి జారిపోయింది, ఇంజిన్ లైటు వెలిగింది. ఆపేశాం. పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు ఎక్కింది. ఇంకో మూడు మలుపులు, మళ్లీ అదే తంతు. మేం పైకి చేరేసరికి సూర్యుడు మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

ఆ పది నిమిషాలే నన్ను రెండు నెలలు తప్పుదారి పట్టించాయి. కాసేపు ఆగితే బాగవుతోందంటే వేడెక్కుతోందనే ఎవరైనా అంటారు. నేనూ అదే అనుకున్నాను. రేడియేటర్ కడిగించాను, ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మార్పించాను. టెంపరేచర్ ముల్లు ఒక్కసారి కూడా సగం దాటలేదని నా కళ్లతో చూశాను కదా, ఆ సంగతి మాత్రం బుర్రకి ఎక్కలేదు. చూసినదాని కంటే నలుగురూ అన్నదే ఎక్కువ నమ్మాను.

తర్వాత బళ్లు బాగుచేసే మా మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. ఆయన బానెట్ ఎత్తకుండా ముందు మూడు ప్రశ్నలు వేశాడు.

"ఆర్‌పీఎం పెరిగి స్పీడు తగ్గిందా అండి, రెండూ కలిసి పడిపోయాయా?" రెండూ కలిసే పడ్డాయి. అయితే క్లచ్ కాదు. క్లచ్ జారితే ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు.

"వెనకాల నల్ల పొగ వచ్చిందా అండి?" రాలేదు. వెనక బండిలో వచ్చిన మా తమ్ముడిని ఫోన్‌లో అడిగి మరీ చెప్పాను. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో గొట్టం ఎక్కడైనా చిరిగినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా గాలి తగ్గుతుంది, డీజిల్ మిగులుతుంది, నల్లగా పొగ కక్కుతుంది. పొగ లేకుండా నీరసపడిందంటే డీజిలే అందడం లేదని ఆయన లెక్క. కంప్యూటర్ ఉన్న కొత్త బళ్లలో గాలి తగ్గితే డీజిల్ కూడా అదే కోసేస్తుంది కాబట్టి ఇది బ్రహ్మవాక్కేం కాదని ఆయనే అన్నాడు. అందుకని గొట్టాలన్నీ చేత్తో తడిమి చూశాడు. ఎక్కడా ఆయిల్ చెమ్మ లేదు.

"డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారండి?" అంతకుముందు వేసవిలోనే రెండుసార్లు. మార్చిన ప్రతిసారీ నాలుగు రోజులు బండి హుషారుగా ఉండేది, తర్వాత మళ్లీ మామూలే. ఆయన "ఆయ్" అని ఊరుకున్నాడు.

బండి కంప్యూటర్‌లోని తప్పులు చదివే స్కానర్ పెడితే పి 0087 కోడ్ చూపించింది. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకి దాన్ని పంచే రైలు గొట్టంలో ప్రెషర్ తక్కువైందని దాని అర్థం. ప్రెషర్ తగ్గిందని చెబుతుంది తప్ప ఎందుకో చెప్పదు. ఇంజెక్టర్ లీకు కావచ్చు, హై ప్రెషర్ పంపు అరిగి ఉండచ్చు, పంపుకి డీజిల్ అందకపోవచ్చు. మొదటి రెండిటికీ ఖర్చు వేలల్లో ఆగదు. నాకు టెన్షన్ మొదలైంది.

అసలు చిక్కేమిటంటే, మా ఊళ్లో ఆ జబ్బు పూర్తిగా బయటపడదు. ఖాళీ బండి చదును రోడ్డు మీద 80లో పోతున్నా ఇంజిన్ తన బలంలో కొంతే వాడుతుంది. గట్టు ఎక్కిద్దామంటే పది సెకన్లలో అయిపోతుంది. ఫిల్టర్‌లో, గొట్టాల్లో ఉన్న డీజిల్‌తోనే గట్టెక్కేస్తుంది. మాకు కావలసింది రెండు నిమిషాల పాటు ఆగకుండా ఉండే ఎత్తు. కోనసీమలో అది ఎక్కడ దొరుకుతుంది?

ఉపాయం బావే చెప్పాడు, అదీ వెటకారంగా. "కొండ లేకపోతే ట్రాక్టర్ కట్టుకోరా." కట్టాం. ఆదివారం పొద్దున్నే జనసంచారం లేని కాలవ రోడ్డు మీద, పికప్ వెనక మేత బస్తాలు నింపి, దాని వెనక లావు తాడుతో ట్రాక్టర్. ట్రాక్టర్ మీద బావ. నేను లాగుతుంటే తను బ్రేకు మీద కాలు కొద్దికొద్దిగా ఆనిస్తూ ఉండాలి. నా పక్కన మేస్త్రి. స్కానర్ పెట్టే ప్లగ్గులో బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్‌లో రెండు అంకెలు చూస్తూ ఉంటాడు: కంప్యూటర్ అడుగుతున్న ప్రెషర్, వస్తున్న ప్రెషర్. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లంతా మమ్మల్ని చూసి బండి చెడిపోయిందో, ట్రాక్టర్ చెడిపోయిందో తేలక నవ్వుకున్నారు.

బయల్దేరే ముందు మేస్త్రి ఇంకో పని చేశాడు. ట్యాంకు నుంచి ఫిల్టర్‌కి వచ్చే గొట్టం మధ్యలో ఒక అడుగు పారదర్శకమైన ట్యూబు అతికించాడు. గాలి పీలుస్తుంటే బుడగలు కనపడతాయని.

మొదటి నిమిషం కంప్యూటర్ అడిగింది 1,400 బార్ (ప్రెషర్ కొలత), వచ్చింది 1,400. నిమిషంన్నరకి 1,100. ఆ తర్వాత "తొమ్మిదొందలు... ఏడొందలు..." అని మేస్త్రి వేలంపాటలా చదువుతుండగానే బండి గుడిస కొండ మీద నీరసపడినట్టే నీరసపడింది, లైటు వెలిగింది. నాకైతే చెప్పలేనంత సంతోషం. ఆపి, పరిగెత్తి బానెట్ ఎత్తాం.

ట్యూబులో బుడగల్లేవు. కానీ ట్యూబు చదునుగా ఉంది. కొబ్బరి బోండాంలో నీళ్లయిపోయాక ఇంకా పీలిస్తే స్ట్రా నొక్కుకుపోతుందే, అచ్చం అలాగే. మేం చూస్తుండగా మెల్లమెల్లగా ఉబ్బి గుండ్రంగా తేరుకుంది. కొండ మీద మేం ఆగిన పది నిమిషాల్లో జరిగింది ఇదే. ఇంజిన్ చల్లబడటం కాదు, గొట్టానికి ఊపిరి తిరగడం. నా బండికి ట్యాంకులో వేరే పంపు లేదు, ముందున్న పంపే ట్యాంకు నుంచి పీల్చుకోవాలి. వెనకాల ఏదో అడ్డం పడుతోంది, పీల్చడం ఆపగానే అది విడిపోతోంది.

నిర్ధారణకి పది లీటర్ల క్యానులో బంకు డీజిల్ తెచ్చి, వెనక కట్టి, గొట్టం నేరుగా ఫిల్టర్‌కి ఇచ్చి మళ్లీ ట్రాక్టర్‌ని లాగాం. 1,400 అడిగితే 1,400, కదల్లేదు. క్యాను మాత్రం కళ్లముందే దిగిపోయింది. ఇంజిన్ తాగేది కొంతే, మిగతాది రిటర్న్ గొట్టంలో ట్యాంకులోకి పోతుంది.

ట్యాంకు దింపి, లోపలి గొట్టం చివరి జల్లెడ తీస్తే దాని చుట్టూ నల్లటి జిగురు, చేతికి సాగుతోంది. వాసన చూడగానే నాకు అర్థమైంది. రొయ్యలు పట్టేశాక చెరువు అడుగున మిగిలే నల్లబురద, కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాసన మధ్యే పెరిగినవాణ్ణి, నాకు మేస్త్రి చెప్పక్కర్లేదు.

అది మా చెరువు దగ్గరి డ్రమ్ములోది. కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పే జనరేటర్ కోసం నిల్వ ఉంచిన డీజిల్‌ని, బంకు దూరమని, నేనే పికప్‌లో పోసుకునేవాణ్ణి. సగం ఖాళీ డ్రమ్ములో, మా గాలి చెమ్మకి, రాత్రి చల్లబడినప్పుడల్లా లోపల నీరు పట్టి అడుక్కి దిగుతుంది. నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి. చేతిపంపు గొట్టాన్ని నేను సరిగ్గా అడుగుకి ఆనించి తోడేవాణ్ణి, ఒక్క చుక్క కూడా వదలకూడదని.

ఇంటికొచ్చి డ్రమ్ము అడుగు నుంచి గాజు సీసాలోకి తోడి గట్టు మీద పెట్టాను. గంటకి కింద రెండు వేళ్ల మందాన నీళ్లు దిగాయి, మధ్యలో గోధుమరంగు పొర. నాన్నగారు సీసాని ఎండకి ఎత్తి చూసి, "మరి జనరేటర్‌కి రెండేళ్లుగా ఇదే పోస్తున్నాం కదరా" అన్నారు. ఇద్దరం షెడ్డు వైపు నడిచాం, స్పానర్ నా చేతిలోనే ఉంది.