మార్జిన్ అంకె వెనుక: స్ట్రెస్ ఇంజినీరుగా నా అనుభవం

విశాఖపట్నంలో మెకానికల్ చదివినవారి చూపు సహజంగా స్టీలు ప్లాంటు మీదో, షిప్‌యార్డు మీదో, డాక్‌యార్డు మీదో ఉంటుంది. అవేవీ కుదరకపోతే హైదరాబాదు రైలెక్కుతారు. నేను ఊరు దాటకుండానే మధురవాడ వైపున్న ఒక చిన్న డిజైన్ సేవల సంస్థలో చేరి, విదేశీ విమాన తయారీదారుల కోసం స్ట్రెస్ (లోడు వల్ల లోహం లోపల పుట్టే ఒత్తిడి) విశ్లేషణ చేసే పనిలో పడ్డాను. పెళ్లిళ్లలో కలిసిన బంధువులు ఇప్పటికీ "విమానాలు బాగుచేస్తావా అమ్మా?" అని అడుగుతుంటారు. విమానంలోని ఒక్కో భాగం మీద ఎంత లోడు పడుతుందో, ఆ భాగం ఎంత తట్టుకోగలదో పోల్చి, చాలునని కాగితం మీద రుజువు చేయడం నా పని అని చెబితే, అదీ ఒక ఉద్యోగమేనా అన్నట్టు చూస్తారు.

ఈ పనికి పునాది అయిన నిబంధన వినడానికి చాలా సులువు. విమానం తన సర్వీసు కాలంలో ఎదుర్కోవచ్చని అంచనా వేసిన గరిష్ఠ లోడును లిమిట్ లోడు అంటారు; దాని కింద నిర్మాణంలో హానికరమైన శాశ్వత వంపు రాకూడదు. దానికి 1.5 రెట్లు అల్టిమేట్ లోడు. దాని కింద నిర్మాణం కనీసం 3 సెకన్లు విఫలం కాకుండా నిలవాలి. తట్టుకోగల స్ట్రెస్‌ను పడిన స్ట్రెస్‌తో భాగించి ఒకటి తీసేస్తే వచ్చేది మార్జిన్. అది సున్నాకు తగ్గకపోతే భాగం పాసైనట్టు. చేరిన కొత్తలో నేను సాఫ్ట్‌వేర్ త్వరగా పట్టుకున్నాను కనుక రంగురంగుల స్ట్రెస్ ప్లాట్లు, వాటి కింద మార్జిన్ల పట్టికలు గబగబా తయారయ్యేవి. మా లీడ్ గారు వాటిని పక్కన పెట్టి ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపేవారు. "లోడు ఎక్కడి నుంచి వచ్చి, ఏ దారిన ఎక్కడికి పోతోందో ముందు గీసి చూపించమ్మా. కంప్యూటరు ఎంత చెబుతుందో కూడా ఇప్పుడే రాసిపెట్టు, తర్వాత మోడల్ తెరువు" అనేవారు.

ఆ అలవాటు నాకు వంటబట్టడానికి చాలా కాలమే పట్టింది. చేత్తో వేసిన లెక్కకూ మోడల్ చెప్పినదానికీ కొద్దిపాటి తేడా ఉంటే దానికి కారణం రాయగలగాలి. రెండింతలు తేడా ఉంటే పని అక్కడే ఆపాలి. ఊతాల దగ్గర వచ్చే ప్రతిచర్యల మొత్తం నేను పెట్టిన లోడుతో సరిపోయిందా, వంగిన ఆకారం నమ్మదగినట్టుగా ఉందా, మోడల్‌లో బోల్టుకు బదులుగా పెట్టిన రిజిడ్ ఎలిమెంటు (ఏమాత్రం వంగని ముక్క) ఆ చోటును లేనిపోని విధంగా గట్టిపరచిందా అని చూసుకున్న తర్వాతే స్ట్రెస్ అంకెల వైపు వెళ్లాలి. గుండ్రదనం ఇవ్వకుండా పదునుగా గీసిన లోపలి మూల దగ్గర మెష్‌ను (మోడల్‌ను విడగొట్టిన గళ్లను) చిన్నది చేసే కొద్దీ స్ట్రెస్ పెరుగుతూనే పోతుంది. అక్కడ ఎర్రరంగు కనిపించిందని భాగాన్ని మందం చేయమనడం ఎంత తెలివితక్కువో, అసలు డ్రాయింగులో ఆ మూలకు రేడియస్ ఎంత ఇచ్చారో చూడకుండా ఆ ఎరుపును కొట్టిపారేయడం కూడా అంతే తెలివితక్కువ.

తట్టుకోగల విలువ విషయంలోనూ ఇలాంటి విచక్షణే కావాలి. లోహాల పట్టికల్లో ఎ-బేసిస్, బి-బేసిస్ అని రెండు విలువలు ఉంటాయి. లోహంలో 99 శాతం ఆ విలువను అందుకుంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పేది మొదటిది. రెండోదానిలో ఆ 99 స్థానంలో 90 ఉంటుంది. ఒక్క భాగం పోతే లోడు మోసే దారే లేని చోట ఎ-బేసిస్ వాడాలి. పక్క భాగాలు ఆ లోడును పంచుకోగల చోట బి-బేసిస్ చాలు. ఏది ఎలాంటి చోటో మాత్రం పట్టిక చెప్పదు. నిర్మాణాన్ని చదవడం వచ్చినవారే చెప్పాలి.

నా ఆలోచన పదునెక్కింది ఎక్కువగా కన్సెషన్ల మీద, అంటే డ్రాయింగుకు తేడాగా తయారైన భాగాన్ని వాడుకోవడానికి ఇచ్చే అనుమతుల మీద. ఫ్యాక్టరీలో రంధ్రం తప్పుచోట పడితే, ఆ భాగాన్ని పారేయాలా, వాడుకోవచ్చా అని మమ్మల్ని అడుగుతారు. అలా వచ్చిన ఒక రిబ్ (రెక్క లోపల అడ్డంగా ఉండే పలక) అంచులో 4.8 మిల్లీమీటర్ల ఫాస్టెనర్‌కు (రివెట్, బోల్టు వంటిదానికి) డ్రాయింగు ప్రకారం రంధ్రం మధ్యబిందువు నుంచి అంచుకు వ్యాసానికి రెండింతలు, అంటే 9.6 మిల్లీమీటర్లు ఉండాలి. డ్రిల్లు జారడంతో 8 మాత్రమే మిగిలింది, నిష్పత్తి 1.67కు పడింది. దానికి తోడు రంధ్రం లోపలి గోడ గరుకుగా ఉంది కాబట్టి 5.6 మిల్లీమీటర్ల ఫాస్టెనర్ వేస్తే శుభ్రపడుతుందని షాపువారు ప్రతిపాదించారు. పెద్ద ఫాస్టెనర్ అంటే ఎక్కువ బలం అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని అంచుదూరం అదే 8 ఉండగా వ్యాసం 5.6 అయితే నిష్పత్తి 1.43కు దిగిపోతుంది. బేరింగు బలం (ఫాస్టెనర్ నొక్కుడును రంధ్రపు గోడ తట్టుకునే శక్తి) పట్టికల్లో విలువలు ఇచ్చేది 1.5కూ 2కూ, ఆ మధ్యలో దామాషాగా తీసుకోవచ్చు గాని 1.5 కిందికి పోతే కాళ్ల కింద నేల లేనట్టే. అందుకని మధ్యలో ఉన్న 5.2 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు సూచించాను. నిష్పత్తి 1.54 దగ్గర ఆగింది, గరుకూ పోయింది. సంతకానికి పంపేముందు లీడ్ గారు అడిగింది ఒక్కటే: పక్క రంధ్రాల మీద ఇదివరకు కన్సెషన్లు ఏమైనా ఉన్నాయా? విడివిడిగా చూస్తే ఒప్పుకోదగినవి ఒకే వరసలో మూడు చేరితే లెక్క మారిపోతుంది; అందువల్ల పాత రికార్డులు తిరగేయడం కూడా విశ్లేషణలో భాగమే. ఇదే రంధ్రం, ఇవే అంకెలు రెక్క కింది స్కిన్‌లో (బయటి రేకులో) ఎదురై ఉంటే నేను ఒప్పుకుని ఉండేదాన్ని కాదు. ఎగిరేటప్పుడు ఆ స్కిన్ లాగబడుతుంది. అలాంటి చోట రంధ్రం అంచున స్ట్రెస్ దాదాపు మూడింతలై ఫెటీగ్ (పదేపదే లోడు పడి లోహం అలసిపోవడం) పగులుకు దారి తీస్తుంది.

మరమ్మతు డబ్లర్ల (దెబ్బతిన్న చోట పైన వేసే అతుకు రేకుల) దగ్గర ఇంకో పాఠం దొరికింది. పగులు కోసేసిన చోట అతుకు వేసేటప్పుడు "మందం రెండింతలు వేద్దాం, భయం ఉండదు" అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇంట్లో పనిచేసేవాడి నెత్తినే పనులన్నీ పడ్డట్టు, గట్టిగా ఉన్న ముక్కే లోడును తన వైపు లాక్కుంటుంది. ఆ లాగుడంతా డబ్లరు చివరనున్న మొదటి రివెట్ల వరస మీద పడి, కొత్త పగులు అక్కడే, అదీ డబ్లరు చాటున, కంటికి కనబడకుండా మొదలవుతుంది. అల్టిమేట్ లోడు లెక్కలో మందం ఎంత పెరిగితే మార్జిన్ అంత బాగా కనిపిస్తుంది కాబట్టే ఇది మోసపూరితం. డబ్లరును స్కిన్ కంటే ఒక గేజి (రేకు మందాల వరసలో ఒక మెట్టు) మాత్రమే మందంగా ఉంచి, అంచుల్లో మెట్లుమెట్లుగా పలచన చేయడమే మేలని నాకు కుదిరిన అభిప్రాయం.

బలానికీ మన్నికకూ ఉన్న ఈ వైరుధ్యం చాలా ఖరీదుకు తెలిసింది 1954లో, రెండు కామెట్ జెట్ ప్రయాణికుల విమానాలు గాలిలో ముక్కలైనప్పుడు. ఆ రకం విమానపు ఫ్యూజ్‌లాజ్ (ప్రయాణికులు కూర్చునే మొండెం) భాగాన్ని తయారీ దశలోనే ఫెటీగ్ పరీక్ష చేశారు. అది సుమారు 16,000 పీడన చక్రాలు (లోపల గాలి నింపి తీసే విడతలు) తట్టుకుంది. కూలిన విమానాలు మాత్రం 1,290, 900 ప్రయాణాలకే పోయాయి. పరీక్షించిన ముక్కను అంతకుముందే బలం పరీక్ష కోసం మామూలు పీడనానికి రెండింతల వరకు ఊదారు. దానివల్ల కిటికీల మూలల్లో లోహం కొద్దిగా సాగి, లోడు తీశాక అక్కడ సంపీడనం మిగిలి, పగుళ్లు ఆలస్యమయ్యాయి. అందుకే ఇప్పుడు ఎవరైనా పరీక్ష ఫలితం చూపిస్తే, ఆ ముక్క అంతకుముందు ఏమేం అనుభవించిందని అడుగుతాను. ఈ ప్రశ్న కొందరికి చిరాకు తెప్పిస్తుందని తెలుసు.

కొత్తగా చేరినవారిని వీలు దొరికినప్పుడు ఆర్కే బీచ్‌లోని టీయూ-142 మ్యూజియానికి తీసుకువెళుతుంటాను. 2017లో నౌకాదళం నుంచి విరమించిన విమానం అది. టిక్కెట్టు తీసుకుని లోపలికి వెళ్లేముందు బయటే నిలబెట్టి, రెక్క కింద రివెట్ల వరసలు చూపించి, లోపల రిబ్‌లు ఎక్కడున్నాయో, స్ట్రింగర్లు (స్కిన్‌ను లోపలి నుంచి బలపరిచే పొడవాటి పట్టీలు) ఎటు నడిచాయో చెప్పమంటాను. తెరమీద గీతలుగా తప్ప స్ట్రింగరును ఎరగని పిల్లలు అక్కడ వేలితో వరస వెంబడి నడుస్తూ, రెండు వరసలు దగ్గరైన చోట ఆగి, ఇక్కడ అతుకు ఉండాలి మేడమ్ అంటారు. సముద్రపు గాలికి ఫాస్టెనర్ తలల చుట్టూ ఏమవుతుందో కూడా ఈ ఊళ్లో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

నా పేరు రిపోర్టుల్లో తయారుచేసినవారి గడి నుంచి సరిచూసినవారి గడిలోకి మారినప్పటి నుంచి పని తీరు మారింది. ఇప్పుడు ముందు లోడ్ల మూలం, ఆ లోడ్ల పత్రం ఏ సంచికదో చూస్తాను. తర్వాత ఏయే రకాల వైఫల్యాలను లెక్కించలేదో వెతుకుతాను. మార్జిన్ పట్టికకు చివర వస్తాను. ప్రస్తుతం పగుళ్ల పెరుగుదల, తనిఖీ వ్యవధుల లెక్కల మీద పనిచేస్తున్నాను. అందులో నాకు ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది గణితం కాదు. ఇంధన ట్యాంకులోకి పాకి, టార్చీ, చిన్న అద్దం పట్టుకున్న మెకానిక్కుకు ఎంత పొడవు పగులు ఖాయంగా కనబడుతుందని అనుకోవాలన్న ప్రశ్న. దానికోసం వచ్చే నెల ఒక మెయింటెనెన్స్ హ్యాంగరుకు వెళ్లి, వారితోపాటు ట్యాంకులోకి దిగి చూడడానికి అనుమతి అడిగాను.